ఆరో అంతస్తులో గులాబి వెలుగు

ఆ ఆదివారం ఉదయం ఎడిసన్ లర్రోసా వేసుకున్న పథకంలో రెండే పనులున్నాయి. త్రిస్తాన్ నర్వాహా వీధి సంతకు వెళ్ళి చేపల తొట్టికి చవకలో ఒక లైటు కొనడం, తిరిగొచ్చేటప్పుడు మూల మీది దుకాణంలో మధ్యాహ్న భోజనానికి కూరు నింపిన రావియోలీ బిళ్ళలు పట్టుకురావడం. రెండో పని ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. కాబట్టి దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

కన్నతండ్రి ఏ ఆశతో ఆ పేరు పెట్టాడో గాని, ఎడిసన్‌కు జన్మలో బల్బుతో పొసగలేదు. మాంటెవీడియో సిటీ బస్సుల్లో ముప్ఫై నాలుగేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రోజుకు వెయ్యిమందితో మాట్లాడిన మనిషికి ఇంట్లో మాట్లాడేందుకు భార్య నెల్బా ఒక్కతే మిగిలింది. నెల్బా ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. వినడం ఆవిడ వృత్తిలో ఎప్పుడూ భాగం కాదు.

అలాంటి సమయంలో పళ్ళ డాక్టరైన నెల్బా అన్నగారు క్లినిక్కు మూసేస్తూ, రోగులు కూర్చునే గదిలోని అయిదువందల లీటర్ల తొట్టిని వీళ్ళకు అంటగట్టాడు. తొట్టితోపాటు పదకొండు చేపలు వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా ముసలిది ఒక చంచీతా. అక్కడి వాగుల్లో దొరికే మొండి చేప. నోరు తెరుస్తూ మూస్తూ ఒక్క ముక్కా చెప్పదు కనుక ఎడిసన్ దానికి సెనేటర్ అని పేరు పెట్టాడు. అద్దం దగ్గర కుర్చీ వేసుకుని, పాత రూట్ల కబుర్లు మొదలుపెడితే సెనేటర్ కదలకుండా వింటుంది. పదవీ విరమణ తరవాత అతనికి దక్కిన మొదటి ప్రయాణికుడు అదే.

చిక్కల్లా ఆ భవనం నిబంధనల్లో ఉంది. ఎనిమిదేళ్ళ కిందట, వీళ్ళు రాకముందు, ఇదే ఆరో అంతస్తు ఫ్లాట్లో ఎవరో పడుకునే నీళ్ళ పరుపు పగిలి, కింద అయిదో అంతస్తులో నోటరీ రెకేనాగారి పియానో తడిసింది. ఆయనకు పియానో వాయించడం రాదు. అయినా పియానో పియానోయే. రెకేనా భవన సంఘానికి అధ్యక్షుడు కూడా కావడంతో వెంటనే పద్నాలుగో నిబంధన పుట్టింది: వంద లీటర్లకు మించి నీరు పట్టే ఏ పాత్రా ఏ ఫ్లాట్లోనూ ఉండరాదు, ఉంటే నలభై ఎనిమిది గంటల్లో బయట పారేయాలి. అందుకని తొట్టి దుప్పట్లలో చుట్టుకుని, "గాజు బీరువా" అన్న పేరుతో మెట్లెక్కింది. చేపలు కూరగాయల సంచిలో లిఫ్టులో వచ్చాయి.

తొట్టి పాత లైటు మాత్రం దారిలోనే చచ్చిపోయింది. చేపలు టీవీ వెలుతురులో సర్దుకున్నాయి గాని, నీటి మొక్కలు పసుపు తిరిగాయి. అక్వేరియం దుకాణంవాడు ఒక లైటు చూపించి, "ఇది ఆరువేల అయిదువందల కెల్విన్" అన్నాడు. "కెల్విన్ సంగతి తరవాత, పెసోలెన్ని?" అన్నాడు ఎడిసన్. జవాబు విన్నాక చేపల బదులు తనే చీకట్లో ఉండటం మేలనిపించింది. చదువుకునే బల్లదీపం పెట్టి చూశాడు, అయిదడుగుల తొట్టిలో అది ఒక మూలకే సరిపోయింది. క్రిస్మస్ దీపాల దండ వేలాడదీశాడు, ఫ్యూజు పోయింది. "నా చెప్పుల జతకయ్యే దానికంటే ఒక్క పెసో ఎక్కువైనా ఆ లైటు ఇంట్లోకి రాదు" అని నెల్బా బడ్జెట్ ప్రకటించింది. నెల్బా చవక చెప్పులే వేసుకుంటుంది.

సంతలో ఉన్ని టోపీవాడొకడు నేల మీద గుడ్డ పరిచి, రకరకాల ఎల్.ఇ.డి. దీపాలు అమ్ముతున్నాడు. సంతలో సగం మంది తమ వీధివాళ్ళే కనుక ఎడిసన్ చేపల మాట ఎత్తలేదు.

"దేనికి బాబాయ్ లైటు?"

"మొక్కలకి."

"ఇంట్లోనా?"

"హాల్లో. పసుపెక్కిపోతున్నాయయ్యా. వెలుతురు చాలట్లేదు."

టోపీవాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎన్నున్నాయేంటి?"

"లెక్కెట్టలేదు. నలభై దాకా ఉంటాయి."

వాడు సన్నగా ఈల వేశాడు. "నలభయ్యే! చట్టం ఆరే కదా అంటోంది?"

"మొక్కలక్కూడా చట్టమేంటయ్యా, విడ్డూరం కాకపోతే!"

టోపీవాడు టోపీ తీశాడు. "నీలాంటి పెద్దోళ్ళు ఉండబట్టే బాబాయ్, ఈ దేశం ఇంకా ఇలా ఉంది." అని గుడ్డ కింద నుంచి బారెడు పొడుగు దీపం తీశాడు. "ఎరుపూ నీలం కలిసిన వెలుగు. మొక్కకి కావాల్సింది అదే. చూసేవాళ్ళకే కాస్త వెగటు. నీకు గనక సగం ధర."

మర్యాదా తగ్గింపూ రెండూ ఒకేచోట దొరకడం ఎడిసన్‌కు జీవితంలో అదే మొదలు. ఈలపాట పాడుకుంటూ ఇంటికొచ్చాడు.

సాయంత్రం ఆరుకల్లా చీకటి పడే జూలై నెల, అక్కడ అది చలికాలం. దీపం వెలిగించగానే హాలంతా గులాబి రంగుకు తిరిగింది. సెనేటర్ ముఖం సిగ్గుపడ్డట్టు కందింది.

"ఇది లైటా, జ్వరమా?" అంది నెల్బా.

"చవక."

"అది కనిపిస్తూనే ఉంది. వీధి చివరిదాకా కనిపిస్తుంది."

కనిపించింది. సోమవారం ఉదయం లిఫ్టులో నాలుగో అంతస్తు ఇర్మమ్మ ఎదురైంది. ఎనభై రెండేళ్ళ మనిషి. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో ఆకుల టీ తాగే మాతే బుర్ర. మోకాళ్ళు వంగక పదకొండేళ్ళయిందని ఆవిడ చెప్పని రోజు లేదు. తలుపు మూసుకోగానే అతని చెవి దగ్గరికి వంగింది.

"చూశాను నాయనా."

ఎడిసన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏం చూశారు ఇర్మమ్మా?"

"ఆ గులాబి వెలుగు. నాకర్థం కాదనుకున్నావా? నాకేం అభ్యంతరం లేదులే."

"రెకేనాగారికి మాత్రం..."

"ఛ, నేనెందుకు చెప్తాను? చాడీలు చెప్పే వంశం కాదు మాది. కాస్త నాకూ పెట్టు, చాలు. మోకాళ్ళకి."

"మోకాళ్ళకా!" ఎడిసన్ లిఫ్టు గోడకు ఆనుకున్నాడు. "పచ్చిగానా?"

"ఎండబెట్టిందైనా పరవాలేదు. సాల్తోలో మా చెల్లెలు సారాలో నానబెట్టి రుద్దుకుంటుంది. మూడు వారాల్లో నాట్యమాడింది."

సారాలో నానుతున్న సెనేటర్ అతని కళ్ళ ముందు కదిలింది. "అలా అనకండమ్మా. పెంచుకున్న ప్రాణం. నాకు చేతులు రావు."

"ఎంత సున్నితమైన మనసయ్యా నీది! ఒక్క ఆకు చాలు నాయనా, ఒక్క ఆకు."

చేపలకు ఆకులుండవన్న సంగతి లిఫ్టు కిందికి చేరాక గాని ఎడిసన్‌కు తట్టలేదు. ఏమీ అర్థం కాక, బజారుకు వెళ్ళకుండానే తిరిగి పైకొచ్చి నెల్బాకు చెప్పాడు. ఆవిడ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"గంజాయి, ఎడిసన్. ఆ రంగు లైటు దానికే పెడతారు. నువ్వు గంజాయి పెంచుతున్నావనుకుంటున్నారు."

"నేనా? సిగరెట్ కూడా ముట్టనివాణ్ణి! ఇప్పుడే పోయి నిజం చెప్పేసొస్తాను."

"ఏ నిజం చెప్తావు?"

ఎడిసన్ తలుపు దగ్గర ఆగాడు.

"ఈ దేశంలో ఇంట్లో గంజాయి పెంచుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది" అంది నెల్బా, మూడో తరగతికి తీసివేతలు నేర్పే గొంతుతో. "ఈ బిల్డింగులో చేపని పెంచితే నేరం. ఏ నింద బాగుంటుందో నువ్వే చూసుకో."

తులసివనంలో గంజాయి మొక్క అని మనవాళ్ళు తిడతారు. ఎడిసన్ పరిస్థితి దానికి తలకిందులు. చేపలను కాపాడుకోవాలంటే గంజాయి మొక్కగా బతకడం తప్ప అతనికి దారి లేదు.

ఇర్మమ్మకు ఏదో ఒకటి ఇవ్వాలి గనుక, నెల్బా తొట్టిలో పెరిగిన ఎలోదియా కొమ్మలు కత్తిరించి, హీటరు మీద ఎండబెట్టి, కాగితంలో పొట్లం కట్టి పంపింది. ఏ కాలవలో చూసినా ఉండే నీటి మొక్క అది. దానితో ఎవరికీ ఏ హానీ జరిగినట్టు చరిత్రలో లేదు, మేలు జరిగినట్టూ లేదు. ఇర్మమ్మ దాన్ని సారాలో నానబెట్టలేదు. కషాయం కాచి పూటకో కప్పు తాగింది. గురువారం లిఫ్టు చెడిపోయింది. ఇర్మమ్మ నాలుగు అంతస్తులూ ఆగకుండా ఎక్కి, పైనుంచి వాచ్‌మన్ విల్మర్‌కు చెయ్యి ఊపింది.

విల్మర్ చూశాడంటే ఇక పత్రికలో వేయించుకోనక్కర్లేదు. వారం తిరిగేసరికి ఆరో అంతస్తు తలుపు ముందు జనం. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి ఆయాసం, రెండో అంతస్తు ఇల్లాలికి అత్తగారి నోరు. ఆవిడకు మందు కావలసింది తనకు కాదు, అత్తగారికి. గులాబి వెలుగు కింద నీటి మొక్కలు పగబట్టినట్టు పెరుగుతున్నాయి కనుక సరుక్కు కొరత రాలేదు. ఎడిసన్ ఎవరినీ గడప దాటనివ్వలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అయినా సీమదానిమ్మ హల్వా డబ్బాలూ, వానరోజుల్లో వేయించే పిండి రొట్టెలూ గడప దగ్గర గుట్టలు పడ్డాయి. అన్నిటికీ మించి, జనం అతని మాట వింటున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు "లోపలికి జరగండి" అని అరిచిన నోటితోనే "పరగడుపున వద్దు, భోజనమయ్యాక" అని నెమ్మదిగా చెప్పసాగాడు. ఆ ఊపులో ఒక రోజు విల్మర్ "మొత్తం ఎన్ని మొక్కలు సార్?" అని అడిగితే, "ఓ నలభై" అనేశాడు.

ఆ నలభై సాయంత్రానికి అయిదో అంతస్తు చేరింది.

నోటరీ రెకేనా శుక్రవారం కింది హాల్లో సమావేశం పెట్టించాడు. మడత కుర్చీలు వేశారు, మాతే బుర్ర చేతులు మారుతోంది. రెకేనా లేచి కోటు బొత్తాం పెట్టుకున్నాడు.

"చట్టం ఇంటికి ఆరు మొక్కలంటోంది. అదీ పేరు నమోదు చేయించుకున్నాక. మన నెత్తి మీద నలభై ఉన్నాయి! ఆ కంపుకీ, ఆ వెలుగుకీ నాకు రెండు వారాలుగా నిద్ర లేదు."

"ఆయన వైద్యుడిలాంటివాడండీ" అన్నారెవరో వెనకనుంచి. చప్పట్లు పడ్డాయి. ఎడిసన్ మనసు ఉప్పొంగబోయి, తన వైద్యం ఏమిటో గుర్తొచ్చి ఆగిపోయింది.

"వైద్యుడో, తోటమాలో, వచ్చే శనివారం పదకొండు గంటలకి తేలుతుంది" అన్నాడు రెకేనా. "ముగ్గురు సభ్యుల కమిటీ. నేను, ఇర్మమ్మగారు, విల్మర్. లోపలికొచ్చి మొక్కలు లెక్కపెడతాం. ఆరుకి ఏడున్నా ఫిర్యాదు పెడతాను."

ఇంటికొచ్చాక ఎడిసన్ తొట్టి ముందు కుర్చీలో కూలబడ్డాడు. సెనేటర్ ఎప్పటిలాగే అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది. "నిన్ను ఏ వాగులో వదలమంటావురా?" అని అడిగాడు.

వంటింట్లో ఉన్న నెల్బా విన్నది. తన భర్త మాట ఆవిడ పూర్తిగా వినడం చాలా ఏళ్ళ తరవాత అదే. చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎక్కడా వదలక్కర్లేదు. కమిటీకి ఆరు మొక్కలు కావాలి, చూపిద్దాం. రేపు పోస్టాఫీసుకెళ్ళి పేరు రాయించుకో, నమోదు అక్కడే చేస్తారు. ఎల్లుండి సంత."

అలా అరవై రెండేళ్ళ వయసులో ఎడిసన్ పోస్టాఫీసు వరసలో నిలబడి, ప్రభుత్వం దృష్టిలో గంజాయి సాగుదారుడయ్యాడు. వెనక నిలబడ్డ ముసలాయన పెన్షను కోసం వచ్చాడు, ఇతన్ని చూసి అసూయపడ్డాడు. ఆదివారం సంతలో టోపీవాడు దూరం నుంచే గుర్తుపట్టాడు.

"బాబాయ్! లైటు ఎలా ఉంది?"

"బ్రహ్మాండం. ఒక్క వారానికి ఆరు మొక్కలు అరువు కావాలయ్యా."

"నలభై ఉన్నాయన్నావు?"

"అవి పైకి చూపించేవి కావు."

టోపీవాడు మళ్ళీ టోపీ తీశాడు. ఆరు కుండీలూ తన బండిలో తనే తెచ్చి దింపిపోయాడు.

శనివారం పదకొండు గంటలకు సర్వం సిద్ధం. తొట్టి మీద రెండు దుప్పట్లు కప్పి, ముందు ఆరు కుండీలు వరసగా పెట్టి, గులాబి దీపం వాటి మీదికి జరిపారు. బుడబుడలు వినిపించకుండా గాలి పంపు ఆపేశారు. రెకేనా ముద్ర, సిరాదిమ్మ, కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఒకసారి లెక్కపెట్టాడు, ఆరు. కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టాడు, ఆరు. పోస్టాఫీసు కాగితం వెలుతురుకు పెట్టి చూశాడు. దొంగకాగితం కాకపోవడం ఆయన్ను బాధించింది.

టప్.

"ఏంటది?" అన్నాడు రెకేనా.

"కుళాయి" అంది నెల్బా.

టప్, టప్. పొద్దున్న మేత పడలేదు, పట్టపగలు చీకటైంది. సెనేటర్ తన నిరసన సభకు తెలియజేస్తోంది.

"మోకాలండీ" అన్నాడు ఎడిసన్ కంగారుగా. "నా మోకాలు అలా చప్పుడవుతుంది."

"ఇంత మందు ఇంట్లో పెట్టుకుని నీ మోకాలికి వాడవా నాయనా!" అని ఇర్మమ్మ జాలిపడింది.

ఈసారి వచ్చిన చప్పుడు ఏ మోకాలికీ సాధ్యం కాదు. దుప్పటి ఒకచోట పైకి లేచింది, తడి మరక ఒకటి మెల్లగా పెద్దదవుతూ అంచు దాకా పాకి, రెకేనా బూటు మీద ఒక చుక్క వేసింది. నీటితో పాత పగ ఉన్న మనిషి. రెండు అడుగుల్లో కుండీలు దాటి, దుప్పట్లు లాగేశాడు.

పదకొండు చేపలు కమిటీ వంక చూశాయి.

"అయిదువందల లీటర్లు!" రెకేనా గొంతులో పట్టరాని ఆనందం. "నా నెత్తి మీద! పద్నాలుగో నిబంధన! నలభై ఎనిమిది గంటలు లర్రోసా, ఒక్క నిమిషం ఎక్కువ లేదు. రాసుకో విల్మర్, టైమెంత?"

ఎడిసన్ తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. ఇక దాచేందుకేమీ మిగల్లేదు. "తప్పు నాదే. ఇవి తప్ప నా దగ్గర ఏమీ లేవు. ఆ కుండీలు అరువు తెచ్చినవి. అమ్మా ఇర్మమ్మా, నన్ను క్షమించు. నేనిచ్చింది గంజాయి కాదు. ఇదిగో, ఈ తొట్టిలో నాచు. చేపలు తిరిగే చోట పెరిగేది."

ఇర్మమ్మ ముందుకొచ్చింది. పదకొండేళ్ళుగా వంగని మోకాళ్ళు రెండూ మడిచి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని, సెనేటర్‌ను ఎగాదిగా చూసింది.

"అందుకేనా కాస్త నీచు వాసనొస్తోంది" అంది. "అయితే ఏం? పెన్సిలిన్ బూజులోంచి తీయలేదూ?" ఆ తరవాత తల తిప్పి చూసింది. "మీరేంటి నోటరీగారూ, అలా పాలిపోయారు? మీక్కూడా బాగానే పనిచేస్తోందన్నారుగా? పడుకోబోయే ముందు రెండు కప్పులు, పిల్లాడిలా నిద్రపడుతోందనీ?"

విల్మర్ రాయడం ఆపి తలెత్తాడు.

రెకేనా నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. సెనేటర్‌కూ ఆయనకూ మధ్య అద్దం ఒక్కటే తేడా. ఏ మొక్కల మీద సభ పెట్టాడో, ఆ మొక్కల కషాయమే మూడు వారాలుగా ఇర్మమ్మ దగ్గర రహస్యంగా తెప్పించుకుని తాగుతున్నాడు. ఇప్పుడది గంజాయి కూడా కాదు, చేపలు తిరిగిన నాచు అని తేలింది. తొట్టి ఉందని కాగితం మీద రాస్తే, అందులో ఏముందో రాయాలి. అందులో ఏముందో రాస్తే, అది ఎవరెవరి కడుపులోకి వెళ్ళిందో విల్మర్ మూడు వీధులకు చెబుతాడు.

నోటరీ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. విల్మర్ చేతిలోని కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. కొత్త కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "తనిఖీలో చట్టానికి లోబడిన ఆరు మొక్కలు కనిపించినవి. నీటి పాత్రలేవియు కానరాలేదు." ముద్ర వేసి, ఆరడానికి ఊదాడు. ఆ ముద్ర పడితే ఇళ్ళు చేతులు మారతాయి, చనిపోయినవాళ్ళ మాటకు విలువొస్తుంది. అయిదువందల లీటర్ల నీటిని మాయం చేయడం దానికొక లెక్క కాదు.

"విల్మర్, నువ్వేమీ చూళ్ళేదు" అన్నాడు.

"లేదు సార్. మా ఆవిడకి తలనొప్పి సార్, వారానికో పొట్లం ఉంటే..."

నెల్బా అప్పటికే పొట్లం కడుతోంది. గుమ్మం దగ్గర రెకేనా ఆగి, గోడ వైపు చూస్తూ, "నాది కాస్త పెద్దది కట్టండి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఎడిసన్ పంపు వేసి, మేత చల్లి, దీపాన్ని మళ్ళీ తొట్టి మీదికి జరిపాడు. ఇకనైనా ఒక మంచి తెల్ల లైటు కొనుక్కుందాం అంది నెల్బా. ఆ మాట ఎలా పొక్కిందో గాని, సాయంత్రానికల్లా ఇర్మమ్మ మెట్లెక్కి వచ్చి, ఆ గులాబి వెలుగు మారిస్తే మందులో బలం పోతుందని, తన ప్రాణం ఉండగా దాన్ని ముట్టుకోనివ్వనని తేల్చి చెప్పింది.

ఆ భవనం దస్తావేజుల ప్రకారం ఆరో అంతస్తులో ఒక్క చేప కూడా లేదు. ఆ లేని పదకొండింటికీ రెండు పూటలా ఆకలి మాత్రం బాగానే వేస్తోంది.